అనంతపురంలో నిలవదు, కోనసీమలో కదలదు: ఒకే రాష్ట్రంలో రెండు నీటి లెక్కలు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కోనసీమలో 1,200 అటూఇటుగా. గీత గీసి కొలిస్తే రెండింటికీ మధ్య దూరం 500 కిలోమీటర్ల పైచిలుకు. ఈ మూడు అంకెలూ చెప్పేసి ఒకటి కరవు సీమ, ఇంకోటి పచ్చటి సీమ అని తేల్చేయడం మనకు అలవాటు. వాన మొత్తం ఒక్కటే తేడా అయితే కోనసీమ రైతు 2011లో సార్వా (ఖరీఫ్) వరి వేయకుండా పొలం బీడు పెట్టి పంట విరామం ప్రకటించేవాడు కాదు. అనంతపురం పట్టణంలో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగేవీ కావు. వాన ఎంత పడిందన్నది లెక్కలో సగమే. అది ఏ నెలలో పడింది, ఏ నేల మీద పడింది, పడ్డాక ఎటు పోయింది అన్నది మిగతా సగం.

ముందు గాలి సంగతి. జూన్‌లో అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు చల్లబడి, ఉన్న తేమంతా అక్కడే కుమ్మరిస్తుంది. కనుమల అంచున ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. కొండ దిగి ఇటు వచ్చే గాలి కిలోమీటరు కిందికి వచ్చేసరికి దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో మబ్బు నిలవదు. అనంతపురం కనుమలకు 250 నుంచి 300 కిలోమీటర్ల ఇవతల, సరిగ్గా ఈ వానచాటు ప్రాంతంలో ఉంది. అటు ఈశాన్య రుతుపవనాలు వచ్చే తూర్పు తీరం కూడా 250 కిలోమీటర్లకు పైనే. మధ్యలో వెలికొండలు, పాలకొండలు, నల్లమల అడ్డం. రెండు రుతుపవనాలకూ ఇది చివరి ఊరే. ఎటు నుంచి వచ్చినా ఇక్కడికి చేరేసరికి సరుకు అయిపోయి ఉంటుంది.

అందుకే జూన్, జూలైల్లో అనంతపురం ఆకాశం వింతగా ఉంటుంది. మబ్బులుంటాయి, ఈదురుగాలి ఉంటుంది, వాన మాత్రం ఉండదు. పల్లెల్లో ‘మబ్బు గాలికి పోయింది’ అనేది ఊరికే అనే మాట కాదు. ఆ నెలల్లో దక్షిణ భారతం మీదుగా నేలకు కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తున బలమైన పడమటి గాలి ప్రవాహం ఉంటుంది. మబ్బు నిలబడి పైకి పెరిగే వ్యవధి అది ఇవ్వదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలిని చూసే. మర బాగా తిరిగే నెలలూ, విత్తనానికి వాన కావలసిన నెలలూ ఒకటే కావడం ఈ జిల్లా ఖర్మ. బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో ఎండిన వేదవతి నుంచి ఇసుక లేచి పొలాల మీద దిబ్బలు కట్టడానికీ ఇదే గాలి కారణం. అక్కడి వాళ్లు ఆ ఏటిని హగరి అంటారు. సెప్టెంబరులో గాలి తగ్గుతుంది, మధ్యాహ్నపు వేడికి మబ్బులు నిలువుగా పెరుగుతాయి, సాయంత్రానికి ఉరుముల వాన. ఏడాదిలో ఎక్కువ వాన పడేది ఆ నెలలోనే. ఇంకో తిరకాసు కూడా ఉంది. రుతుపవన ద్రోణి, అంటే వానలు తెచ్చే అల్పపీడన పట్టీ, హిమాలయాల వైపు జరిగి మధ్య భారతమంతా వానలు ఆగినప్పుడు రాయలసీమలో, తమిళనాడులో సాయంకాలపు వానలు పెరుగుతాయి. టీవీలో ‘రుతుపవనాలు బలహీనం’ అని చెప్పిన వారమే ఇక్కడ చెరువులోకి నీళ్లు రావడంలో విచిత్రం లేదు.

కోనసీమ పక్కా తీరప్రాంతం. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, వైనతేయ మధ్యలో చీలుస్తుండగా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు ఇది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల వల్ల వాన, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, తుపాన్ల వల్ల వాన. రెండు కాలాల్లోనూ సముద్రం పక్కనే ఉంది కాబట్టి తేమకు కరవు లేదు.

ఎండలోనూ తేడా ఉంది, అది అంకెల్లో కనిపించినంత సాదా తేడా కాదు. మే నెలలో అనంతపురం 40 డిగ్రీలు, అమలాపురం 36 అని చూసి కోనసీమ చల్లగా ఉందనుకుంటారు. గాలిలో తేమ అనంతపురంలో 25 శాతం, కోనసీమలో 65 శాతం అనుకుని లెక్క కడితే, తడిబట్ట చుట్టిన థర్మామీటరు అనంతపురంలో 24 డిగ్రీల దగ్గర ఆగుతుంది, కోనసీమలో 30 చూపిస్తుంది. ఒంటి మీది చెమట ఆరి శరీరం చల్లబడటం ఈ తడిబల్బు అంకె మీదే ఆధారపడుతుంది. ఎయిర్ కూలర్ అనంతపురంలో పనిచేసి కోనసీమలో గదిని ఆవిరి గది చేసేది అందుకే. అది ఎంత బాగా పనిచేసినా గాలిని తడిబల్బు అంకె కంటే కిందికి దించలేదు. రాత్రి అనంతపురంలో నేల త్వరగా చల్లారి ఉష్ణోగ్రత పాతికకు దిగుతుంది. కోనసీమలో తేమ దుప్పటి కప్పినట్టుంటుంది, తెల్లవారుజామున కూడా ఉక్క పోదు.

ఇదే పొడిగాలి అనంతపురం నీటిని తాగేస్తుంది కూడా. అక్కడ ఏడాది మొత్తంలో గాలి, ఎండ కలిసి ఆవిరి చేయగల నీరు, పడే వానకు మూడింతల పైమాటే. ఎండాకాలంలో తెరిచి ఉన్న నీటి మీద రోజుకు 7, 8 మిల్లీమీటర్లు పోతుంది. మీటరు లోతున్న కుంటలో నాలుగు నెలలకు నీటి చుక్క మిగలదు, ఎవరూ తోడకపోయినా. సేద్యపు కుంట తవ్వేటప్పుడు విశాలంగా, లోతు తక్కువగా తవ్వితే సూర్యుడికి నీళ్లు పోసినట్టే. మూడు మీటర్ల లోతు, తక్కువ వైశాల్యం, అడుగున షీటో సిమెంటు పూతో ఉంటేనే ఆ నీరు వాన ఎగ్గొట్టిన బెట్ట రోజుల్లో ఒక తడిగా అక్కరకొస్తుంది.

నేల ఎంత పట్టుకుంటుంది

అనంతపురంలో ఎక్కువ భాగం ఎర్ర ఇసుక నేల. తాడిపత్రి, గుంతకల్లు వైపు నల్లరేగడి ఉంది గానీ శెనక్కాయ పండేది ఎర్ర నేలలోనే. ఆ నేల చాలాచోట్ల అడుగో అడుగున్నరో. దాని కింద గరుసు, ఆ కింద రాయి. అడుగు లోతు ఎర్ర నేల, మొక్క తీసుకోగలిగిన తేమను 30 మిల్లీమీటర్లు, మహా అయితే 35 పట్టుకుంటుంది. పెరిగిన పైరు రోజుకు 4 మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే ఎంత పెద్ద వాన పడినా, అది ఆగిన ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో పైరు వాడుముఖం పడుతుంది. 100 మిల్లీమీటర్లు ఒకే రాత్రి కురిస్తే నేల దాచుకునేది 30, మిగిలినదంతా వంకల పాలు. ‘ఈసారి సగటు వాన పడింది కదా, కరవేంటి?’ అని అడిగే వాళ్లకు జవాబు ఇక్కడుంది. 550 మిల్లీమీటర్లు ఇరవై వానలుగా పడిన ఏడూ, ఐదు కుంభవృష్టులుగా పడిన ఏడూ జిల్లా లెక్కలో ఒకటే, చేనులో ఒకటి కాదు.

శెనక్కాయకు ఈ బెట్ట ఎప్పుడు తగిలిందన్నది మరీ ముఖ్యం. విత్తాలంటే కనీసం 20, 25 మిల్లీమీటర్ల పదును వాన కావాలి. విత్తిన 25, 30 రోజులకు పూత. ఆ తర్వాత పూత కిందనుంచి ఊడ పొడుచుకొచ్చి మట్టిలోకి దిగాలి. కాయ కట్టేది మట్టిలోనే. పైన రెండంగుళాల మట్టి ఎండి గట్టి పడితే ఊడ దిగలేక గాలిలోనే ఎండిపోతుంది. వేరు దగ్గర తేమ ఉండి చెట్టు పచ్చగా నవనవలాడుతున్నా సరే, పీకి చూస్తే కాయలుండవు. జూలై రెండో వారంలో విత్తిన చేనుకు ఊడలు దిగే కాలం ఆగస్టు చివరి పక్షం. గాలికి మబ్బులు పోయే రోజులు సరిగ్గా అప్పటిదాకా సాగుతుంటాయి. సెప్టెంబరు వానలకు చెట్టు మళ్లీ పూస్తుంది గానీ ఆ పూత కాయ అయ్యేలోగా కాలం మించిపోతుంది. అందుకే జూలై దాటితే శెనక్కాయ వదిలి కంది, జొన్న, అలసంద, మరీ ఆలస్యమైతే ఉలవ వేయమంటారు. ఏడెనిమిది సాళ్లకు ఒక కంది సాలు వేసే పాత పద్ధతి వెనుక లెక్క కూడా ఇదే. కంది వేరు లోతుకు పోతుంది, సెప్టెంబరు, అక్టోబరు వానలను వాడుకుంటుంది. శెనక్కాయ పోయిన ఏడు ఇంట్లోకి వచ్చేది ఆ కందే.

ఇక బోరు. కింద ఉన్నది కోట్ల ఏళ్లనాటి గట్టి రాయి. నీరుండేది పైన శిథిలమైన పొరలోనూ, కింద పగుళ్లలోనూ. ఆ పొరలో తోడుకోగలిగిన నీరు రెండు శాతం అనుకుంటే, నీటిమట్టం మీటరు దిగిందంటే మనకు దక్కింది 20 మిల్లీమీటర్ల నీరే. వానలో పదో వంతు, అంటే 55 మిల్లీమీటర్లు భూమిలోకి ఇంకిందనుకుందాం. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలి. ఒక ఎకరం వరి, చుట్టూ ఇరవై రెండు ఎకరాల ఇంకుడును తాగేస్తుందన్నమాట. బోరు 300 అడుగుల నుంచి 800 అడుగులకు దింపినంత మాత్రాన నీరు పుట్టదు. పక్క రైతు పగులులోని నీరు ఇటు మళ్లుతుంది, అంతే. ఈ జిల్లాలో బోర్ల కింద వరి తగ్గించమనడం రైతును కట్టడి చేయడానికి చెప్పే మాట అనిపించవచ్చు గానీ, ఆ ఇరవై రెండు ఎకరాల లెక్క ముందు వేరే మాట చెప్పడం కష్టం.

హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం 335 దగ్గర. వంద కిలోమీటర్ల దూరంలో దాదాపు 285 మీటర్ల పల్లం. నంది కొండల దగ్గర పుట్టిన పెన్న, దాని ఉపనది చిత్రావతి ఈ వాలు మీదే జారుతాయి. పడ్డ నీరు గంటల్లో పోతుంది. విజయనగర కాలం నుంచి వంకకు వంక అడ్డం కట్టి చెరువులు గొలుసుగా వేసింది ఈ వాలును చూసే. పై చెరువు మరువ (అలుగు) పారితే కింది చెరువు నిండాలి. మధ్యలో వంక ఆక్రమణకు గురైతే గొలుసు తెగుతుంది. ఏళ్ల తరబడి పారని వంక కాబట్టి అందులో ఇల్లు కట్టినా భయం కలగదు. తుపాను వాన ఒక్కసారి దిగినప్పుడు ఆ ఇళ్లే మునుగుతాయి.

పల్లానికి పల్లం లేని చోటు

ఇక కోనసీమ. గోదావరి ఆనకట్ట ఉన్న ధవళేశ్వరం నుంచి సముద్రం అరవై, డెబ్బై కిలోమీటర్లు. అంత దూరంలో నేల దిగేది పదిహేను మీటర్ల లోపే. కిలోమీటరుకు జానెడు. తీర మండలాలకొస్తే అదీ ఉండదు. ఈ వాలు కాలవకు సరిపోతుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో దాదాపు 10 లక్షల ఎకరాలకు నీరు పారింది దీని మీదే. మురుగు నీటికి మాత్రం ఇది చాలదు. పొలంలోకి నీరు తేవడం ఒక పని, తీయడం ఇంకో పని. మొదటిది ఇక్కడ నూట డెబ్బై ఏళ్ల కిందటే తీరింది, రెండోది ఇంకా తీరలేదు.

మురుగు కాలవ ఎందుకు పారదో చూద్దాం. అది చివరకు కలిసేది సముద్రంలోనో ఏటి పాయలోనో. పోటు సమయంలో సముద్రం మీటరు పైన లేస్తుంది, అప్పుడు మురుగు వెనక్కు తంతుంది. పాటు సమయంలోనే కిందికి దిగాలి, అంటే రోజులో సగం కాలమే చేతికి దక్కుతుంది. మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర అలలు ఇసుక తోసి పూడ్చేస్తే ఆ సగమూ పోతుంది. కాలవలో గుర్రపుడెక్క, తూడు పెరిగితే నీటి వేగం ఇంకా పడిపోతుంది. చేపల, రొయ్యల చెరువుల గట్లు కాలవను ఇరుకు చేస్తే అడిగే దిక్కుండదు. వీటికి గోదావరి వరద తోడైతే పాయలో నీరు పొలం కంటే ఎత్తున నిలుస్తుంది, ఏటిగట్టులోని తూము తలుపులు దించేయాలి. గట్టు ఏటిని బయట ఆపుతుంది, లోపల పడిన వానను కూడా లోపలే ఆపుతుంది.

ఈ వరద కోనసీమ వానతో వచ్చేది కాదన్నది గుర్తుపెట్టుకోవాలి. గోదావరి పరీవాహకం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. ప్రాణహిత విదర్భ నుంచి, ఇంద్రావతి బస్తర్ నుంచి, శబరి ఒడిశా నుంచి తెస్తాయి. అమలాపురంలో ఎండ కాస్తుండగానే లంకలు మునగవచ్చు. చూడాల్సింది స్థానిక వాతావరణ సూచనను కాదు, భద్రాచలం మట్టాన్ని. అక్కడ 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. సుమారుగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులన్నమాట. మొదటి హెచ్చరిక నాటికే ఎదురుబిడియం లాంటి కాజ్‌వేలు మునిగి పడవలు దిగుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో భద్రాచలం 71 అడుగులు దాటినప్పుడు ఇక్కడ 25 లక్షలు మించింది.

ఈ క్యూసెక్కుల లెక్క ఎంతటిదో అనంతపురం కొలతలో చూడొచ్చు. ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే నాలుగు వేల లీటర్లు. 550 మిల్లీమీటర్లకు 22 లక్షల లీటర్లు. ఒక క్యూసెక్కు ఒక రోజంతా పారితే 24.5 లక్షల లీటర్లు. అంటే గోదావరిలో ఒక్క రోజు పారే ఒక్కో క్యూసెక్కు, అనంతపురంలో ఒక ఎకరానికి ఏడాదంతా పడే వాన కంటే కాస్త ఎక్కువ. మొదటి హెచ్చరిక ఎగిరిన ఒక్క రోజులో పది లక్షల ఎకరాల ఏడాది వాన సముద్రంలో కలుస్తుంది.

వరిలో దెబ్బ తగిలే సమయం మళ్లీ వేరు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం వరికి 145, 150 రోజులు. జూలైలో నారు పోస్తే అది కోతకొచ్చేది నవంబరు చివర, సరిగ్గా తుపాన్ల నడుమ. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, కోతకొచ్చిన చేలు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. వరి మరుసటి పంటకు లేస్తుంది, కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఐదారేళ్లు. జూన్ మొదట్లోనే కాలవలకు నీరు వదలమని ఇక్కడి రైతులు పట్టుబట్టేది ఇందుకే. అక్టోబరు ఆఖరుకల్లా కోత అయిపోవాలి. నాటిన కొత్తలో మునిగే పల్లపు పొలాలకు స్వర్ణ సబ్-1 రెండు వారాల ముంపును తట్టుకుంటుంది గానీ, పండి పడిపోయిన చేనును ఏ రకమూ కాపాడదు, కంకి మీదే మొలకలొస్తాయి.

భూగర్భ జలం దగ్గర కూడా రెండు ప్రాంతాల జబ్బులు వేర్వేరు. కోనసీమలో పది పదిహేను అడుగుల్లోనే నీళ్లు పడతాయి. తీరం దగ్గర మాత్రం ఆ మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలే పొర. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీటి మట్టం ఉంటే దాని కింద దాదాపు 40 మీటర్ల మందాన మంచినీరుంటుంది. తిరగేసి చూస్తే, పైన మీటరు తోడేస్తే కింద ఉప్పునీరు ఆ నలభై మీటర్ల మేరకు పైకి లేస్తుంది. బోరు వేసే చోట అనంతపురం పద్ధతిలో ‘ఇంకా లోతుకు పోదాం’ అంటే ఉప్పు తగులుతుంది. ఇక్కడ తక్కువ లోతు, ఎక్కువ చోట్ల, కొద్దికొద్దిగా తోడటమే దారి. అల్లవరం, కాట్రేనికోన, ఉప్పలగుప్తం వైపు ఉప్పునీటి చెరువుల పక్క వరి చేలు చవుడు బారడానికి కారణం, గట్టు కింద నుంచి ఊరే నీరు ఈ పలుచని పొరను పాడుచేయడమే.

ఇక్కడి వరద అక్కడికి పంపలేమా

పంపుతున్నారు, చుట్టుదారిలో. ధవళేశ్వరానికి ఎగువన పట్టిసీమ దగ్గర 24 పంపులు గోదావరి నీటిని ఎత్తి కృష్ణా డెల్టాకు మళ్లిస్తాయి. అక్కడ ఆదా అయిన కృష్ణా నీరు శ్రీశైలంలో ఆగితే, మాల్యాల నుంచి హంద్రీ-నీవా కాలవ దాన్ని ఎత్తుతూ జీడిపల్లి మీదుగా అనంతపురానికి తెస్తుంది. పట్టిసీమ పంపులన్నీ తిరిగితే 8,500 క్యూసెక్కులు. పది లక్షల వరదలో ఒక శాతం కూడా కాదు. వరద రోజుల్లో వచ్చి రోజుల్లో పోతుంది, పంపు నెలల తరబడి తిరిగితేనే లెక్క తేలుతుంది. కాబట్టి నిజంగా వాడుకునేది వరదను కాదు, జూలై నుంచి అక్టోబరు దాకా సాగే మామూలు ప్రవాహాన్ని. అటు హంద్రీ-నీవాలో వందల మీటర్లు ఎత్తాలి కాబట్టి ప్రతి ఘనపు మీటరు వెనుక కరెంటు బిల్లుంది. అంత ఖర్చుతో వచ్చిన నీటిని బోర్ల కింద వరికి మళ్లిస్తే లాభం లేదు. చెరువులు నింపి, ఊడలు దిగే సమయంలో ఒకటి రెండు తడులిస్తేనే ఆ ఖర్చుకు ఫలితం.

గోదావరి డెల్టాకు ఎప్పుడూ నీళ్లు ఎక్కువే అనుకోవడమూ పొరపాటే. దాళ్వా (రబీ) వరికి జనవరి నుంచి మార్చి దాకా నీరు కావాలి. అప్పటికి గోదావరి సహజ ప్రవాహం పడిపోయి ఉంటుంది. ఎగువన సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరే దిక్కు. అది తగ్గిన ఏడు కాలవలకు వంతులవారీ నీరు, శివారు భూములకు అందదు. అప్పుడు రైతులు మురుగు కాలవలకు అడ్డుకట్టలు వేసి, నిలిచిన నీటిని ఇంజన్లతో తోడుకుంటారు. తీరానికి దగ్గరైన కాలవల్లో పోటుతో ఎక్కిన ఉప్పు ఆ నీటిలో కలిసి ఉండవచ్చు, పొట్ట దశలో దాన్ని పెడితే తాలు గింజలు పెరుగుతాయి. తోడే ముందు ఉప్పు శాతం చూపించుకోవడం అక్కడ తప్పనిసరి. కోత అయ్యాక ఆ అడ్డుకట్టలను మే నెలలోగా పూర్తిగా తవ్వి తీసేయాలి. మట్టి కాలవ అడుగునే మిగిలిపోతే జూన్ వానలకే పై ఊరి నారుమళ్లు మునుగుతాయి.